విమానం కట్టే చేతులు ఎక్కడ తయారవుతున్నాయి?

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు దిగి ఇబ్రహీంపట్నం వైపు వెళితే ఆదిభట్ల వస్తుంది. అపాచీ హెలికాప్టర్ ప్రధాన దేహం అక్కడ తయారై విదేశాలకు వెళుతోంది. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఆ కర్మాగారం 2018లో మొదలైంది. దాని పక్కనే టాటా, లాక్‌హీడ్ మార్టిన్ల ఉమ్మడి సంస్థ సి-130జె రవాణా విమానాల తోక భాగాలను తయారుచేస్తోంది. బోయింగ్ 737కు కావలసిన నిలువు తోకరెక్క కూడా ఇప్పుడు ఇక్కడినుంచి వెళుతోంది. శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలో ఫ్రెంచి సంస్థ సాఫ్రాన్ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని నిర్మించింది. 2025 నవంబరులో ప్రారంభమైన ఆ కేంద్రం పూర్తి స్థాయికి చేరితే ఏటా 300 ఇంజన్ల దాకా విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించగలదు. అందుకు వెయ్యిమందికి పైగా టెక్నీషియన్లు, ఇంజనీర్లు కావాలి.

ఇలాంటి కేంద్రం వచ్చినప్పుడల్లా పెట్టుబడి ఎన్ని కోట్లు, భూమి ఎన్ని ఎకరాలు, పన్ను రాయితీ ఎంత అన్న లెక్కలు పత్రికల్లో విరివిగా వస్తాయి. లోపల పనిచేసే మనిషి ఎక్కడ, ఎన్నేళ్ళు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడన్నది మాత్రం ఎవరూ రాయరు. నా దృష్టిలో ఈ పరిశ్రమ భవిష్యత్తు అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మన దగ్గర పట్టాలకు కొరత లేదు. అనుభవజ్ఞుడి పక్కన నిలబడి కొన్నేళ్ళు పనిచేసి, తప్పు చేసినప్పుడు చెయ్యి పట్టి దిద్దించుకున్న మనుషులకే కొరత. ఆ కొరత తీర్చే బాధ్యతను సర్కారు, పరిశ్రమ, కళాశాలలు మూడూ ఒకదాని మీదికి ఒకటి నెట్టుకుంటున్నాయి.

ముందుగా ఈ పనికీ మిగతా ఫ్యాక్టరీ పనులకీ తేడా ఏమిటో చూడాలి. విమానం రెక్కలో, దేహంలో లక్షల రంధ్రాలు, లక్షల రివెట్లు ఉంటాయి. రంధ్రం కొలత మిల్లీమీటరులో కొన్ని వందో వంతులకు లోబడి ఉండాలి. డ్రిల్లు కాస్త వంగినా, రంధ్రం అంచున మిగిలిన పదునైన బర్ తీయకుండా వదిలేసినా, అక్కడే సన్నని పగులు మొదలై ఏళ్ళ తరబడి పెరుగుతుంది. ఆ తప్పు అదే రోజు బయటపడదు. తప్పు చేసిన మనిషి దాన్ని మరిచిపోయి చాలాకాలమయ్యాక బయటపడుతుంది.

1978లో జపాన్‌లోని ఒసాకా విమానాశ్రయంలో ఒక బోయింగ్ 747 దిగుతూ తోక నేలకు తగిలించుకుంది. వెనుక ఉన్న పీడన గోడను బోయింగ్ మనుషులే వచ్చి మరమ్మతు చేశారు. అతుకు పెట్టేటప్పుడు ఒకే పలకగా ఉండాల్సిన దాన్ని రెండు ముక్కలుగా కోసి అమర్చారు. దాంతో రెండు వరసల రివెట్లు మోయాల్సిన భారం ఒక్క వరస మీద పడింది. ఆ విమానం ఆ అతుకుతోనే 12 వేలకు పైగా సార్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న, జపాన్ ఎయిర్‌లైన్స్ 123వ సర్వీసుగా వెళుతుండగా ఆ గోడ బద్దలైంది. 520 మంది చనిపోయారు. ఒక్క విమానం కూలిన ప్రమాదాల్లో ఇంతమంది చనిపోయినది మరొకటి లేదు.

ఇది పాతకాలపు సంగతి, ఇప్పుడు యంత్రాలే అన్నీ చూసుకుంటాయి అనుకోవడానికి వీల్లేదు. 2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ విమానంలో తలుపు స్థానంలో బిగించిన మూత గాలిలోనే ఊడిపోయింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. మూతను పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు ఫ్యాక్టరీలో మధ్యలో ఒకసారి తీసిన తరువాత మళ్ళీ పెట్టలేదని తేలింది. దర్యాప్తు జరిపిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2025 జూన్‌లో నిర్ధారించిన కారణంలో మొదటి మాటే శిక్షణ. విడిభాగాలు తీసేటప్పుడు పాటించాల్సిన పద్ధతిని కార్మికులు ప్రతిసారీ సరిగా పాటించేలా తగిన శిక్షణ, మార్గదర్శనం, పర్యవేక్షణ ఇవ్వడంలో బోయింగ్ విఫలమైందని మండలి చెప్పింది. కోవిడ్ కాలంలో అనుభవజ్ఞులు పెద్ద సంఖ్యలో పని వదిలి వెళ్ళారు. వాళ్ళ చోటుకు కొత్తవాళ్ళు వచ్చారు. పక్కనుండి నేర్పేవాళ్ళు చాలలేదు. వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్న సంస్థకే ఈ గతి పట్టిందంటే, పదిహేనేళ్ళ వయసున్న మన ఆదిభట్ల ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించాలి.

నిజానికి హైదరాబాద్‌కు ఈ పనితనం ఆదిభట్లతో రాలేదు. ప్రాగా టూల్స్ 1943లోనే ఇక్కడ యంత్ర పరికరాలు చేయడం మొదలుపెట్టింది. 1960లలో హెచ్ఎంటీ వచ్చింది. బాలానగర్‌లో హెచ్ఏఎల్ ఏవియానిక్స్ విభాగం 1965లో వచ్చింది. క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్, తరువాత 1970లో భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాల సంస్థ మిధానీ వచ్చాయి. వీటన్నిటికీ టర్నర్లు, ఫిట్టర్లు, టూల్‌మేకర్లు కావలసి వచ్చారు. 1968లో బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మొదలైంది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ దానికి తోడ్పడ్డాయి. జనం సీఐటీడీ అని పిలిచే ఆ సంస్థలో పదో తరగతి పాసైన పిల్లలు చేరి నాలుగేళ్ళు టూల్, డై, మౌల్డ్ తయారీ నేర్చుకుంటారు. ఫైలు పట్టి ఇనుప దిమ్మను చదును చేయడంతో మొదలయ్యే ఆ చదువుకు ఈనాటికీ దేశంలో గౌరవం ఉంది.

ఆ ప్రభుత్వరంగ ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చినవాళ్ళే బాలానగర్, కుషాయిగూడ, చర్లపల్లి షెడ్లలో సొంత లేతు మిషన్లు పెట్టారు. ఇస్రో వికాస్ ఇంజన్లకు, క్రయోజెనిక్ ఇంజన్లకు భాగాలు చేసే ఎంటార్ సంస్థను 1970లో స్థాపించింది హెచ్ఎంటీలో పనిచేసిన ఇంజనీర్లే. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేసిన స్కైరూట్ హైదరాబాద్‌లో పుట్టిందంటే, దాని వెనుక ఈ షెడ్ల ఊరు కూడా ఉంది. రాకెట్ సంస్థ పెట్టే యువకుడికి, డ్రాయింగ్ పట్టుకుని వెళితే మైక్రాన్ల లెక్కలో పనిచేసిచ్చే మెషినిస్టు బండి దూరంలో దొరకడం చిన్న విషయం కాదు.

ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలనే ఆ పాత పాఠశాల ఇప్పుడు దాదాపు మూతపడింది. అలాంటిదే మరో ఫ్యాక్టరీ ఆల్విన్ మూతపడింది. ప్రాగా టూల్స్ హెచ్ఎంటీలో కలిసిపోయింది. హెచ్ఎంటీ తానే కుంగిపోయింది. వాటిలో ఏటా అప్రెంటిస్‌లుగా చేరి, మూడు నాలుగేళ్ళకు పనితనం తెలిసిన పనివాళ్ళుగా బయటికొచ్చే కుర్రాళ్ళ ప్రవాహం ఆగిపోయింది. ప్రభుత్వరంగ సంస్థల లాభనష్టాల చర్చలో ఈ నష్టాన్ని ఎవరూ లెక్కకట్టలేదు. ప్రైవేటు సంస్థలు మాత్రం శిక్షణ పొందిన మనుషులు ఎప్పటిలాగే దొరుకుతారని లెక్కవేసుకున్నాయి.

ఇప్పుడు మనుషులు వస్తున్న దారులు నాలుగు. ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల, విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సు. ఇందులో చివరి రెండింటి గురించి మన ఇళ్ళలో ఉన్న అయోమయాన్ని ముందు విడదీయాలి, ఎందుకంటే దాని మూలంగా ఏటా ఎన్నో కుటుంబాలు డబ్బూ కాలమూ పోగొట్టుకుంటున్నాయి.

ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ చేస్తే విమానాలు బాగుచేసే ఉద్యోగం వస్తుందని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు. బీటెక్ నేర్పేది గాలి ప్రవాహం, నిర్మాణాల బలం, ఇంజన్ సూత్రాలు. అది డిజైన్‌కు, విశ్లేషణకు పనికివచ్చే చదువు. ఎగిరే విమానాన్ని పరీక్షించి 'ఇది ఎగరవచ్చు' అని సంతకం పెట్టే అధికారం బీటెక్ పట్టాతో రాదు. దానికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ఇచ్చే లైసెన్సు కావాలి. సీఏఆర్-66 నిబంధనల కింద ఇచ్చే ఈ లైసెన్సులో రకాలున్నాయి. విమాన దేహం, ఇంజన్ చూసేవాళ్ళకు బి1, ఎలక్ట్రానిక్ పరికరాలు చూసేవాళ్ళకు బి2. గణితం, భౌతికశాస్త్రం, పదార్థాలు, నిర్వహణ పద్ధతులు, చట్టాలు అంటూ విడివిడిగా పరీక్షలు ఉంటాయి. మనిషి అలసట, ఒత్తిడి, మతిమరుపు పనిని ఎలా చెడగొడతాయో చెప్పే మానవ కారకాలు అన్న పాఠానికి కూడా ఒక ప్రత్యేక పరీక్ష ఉంది. పరీక్షలన్నీ పాసైనా పని ముగియదు. ఎగిరే విమానాల మీద ఏళ్ళ తరబడి చేసిన పని లాగ్‌బుక్‌లో నమోదై, పై అధికారి సంతకంతో రుజువు కావాలి. ఆ తరువాత ఒక్కో రకం విమానానికి మళ్ళీ ప్రత్యేక శిక్షణ.

ఈ అనుభవం సంపాదించే చోటే దారి ఇరుకవుతుంది. థియరీ నేర్పడానికి గది, బల్లలు, ఒక పాత విమానం చాలు. అనుభవానికి మాత్రం నడుస్తున్న హ్యాంగర్ కావాలి, అందులో విద్యార్థిని చేర్చుకునే మనసు కావాలి. మరమ్మతు కేంద్రాలు తక్కువగా ఉన్నంతకాలం మన విమానాల ఇంజన్లు విదేశాలకు వెళ్ళి బాగుపడి వచ్చేవి. వాటితోపాటు మన పిల్లలు నేర్చుకోవాల్సిన పాఠం కూడా విదేశాలకే పోయేది. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్, ఇప్పుడు సాఫ్రాన్ కేంద్రం ఇందుకే ముఖ్యం. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలు కొంటామని చెప్పాయి. రాబోయే 20 ఏళ్ళలో ప్రపంచానికి ఏడు లక్షలకు పైగా నిర్వహణ టెక్నీషియన్లు కావాలని బోయింగ్ అంచనా. గల్ఫ్ దేశాలు, సింగపూర్ మన లైసెన్సుదారులను ఇప్పటికే పిలుచుకుంటున్నాయి. కాబట్టి కొత్త మరమ్మతు కేంద్రానికి భూమి ఇచ్చేటప్పుడే, ఏటా ఇంతమంది విద్యార్థులకు అనుభవ శిక్షణ ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. ఇది దయతో అడిగే విషయం కాదు. ప్రజల భూమికి ప్రతిఫలం.

ఐటీఐల సంగతి మరోలా ఉంది. ఫిట్టర్, మెషినిస్ట్, టర్నర్ ట్రేడ్‌లలో రెండేళ్ళు చదివిన విద్యార్థికి ఈ పరిశ్రమలో నిజంగా చోటుంది. ఇస్రో టెక్నీషియన్ ఉద్యోగానికి అడిగే అర్హత కూడా పదో తరగతి, ఐటీఐ సర్టిఫికెట్లే. శ్రీహరికోటలో రాకెట్ దశలను జతచేసే చేతుల్లో ఐటీఐ చదివినవాళ్ళు ఎందరో ఉన్నారు. అయినా మన ఊళ్ళలో ఐటీఐ అంటే ఇంటర్ తప్పినవాడు చేరే చోటన్న చిన్నచూపు పోలేదు. ఆ చిన్నచూపుకు జీతం కూడా కారణమే. రెండేళ్ళు చదివి చేరిన ఫిట్టర్‌కు మొదట వచ్చేది, నగరంలో బండి మీద సరుకు చేరవేసే కుర్రాడి సంపాదన కన్నా పెద్ద ఎక్కువేమీ ఉండదు. పని నేర్చుకుంటే ఐదేళ్ళకు ఎక్కడ ఉంటాడో చెప్పే మెట్లు కనబడకపోతే, తెలివైన పిల్లవాడు ఎందుకు వస్తాడు?

మెట్లు లేవని కాదు, ఎవరూ చూపించరు. ఉదాహరణకు లోహంలో కంటికి కనబడని పగుళ్ళను రంగు ద్రవంతో, అల్ట్రాసౌండ్‌తో, ఎక్స్‌రేతో పట్టుకునే పరీక్షకుల పని. అందులో మూడు స్థాయిలుంటాయి. ఒక్కో స్థాయికి ఇన్ని గంటల శిక్షణ, ఇంత అనుభవం అని లెక్క ఉంటుంది. ఏటా దగ్గరచూపు పరీక్ష తప్పనిసరి. మూడో స్థాయికి చేరినవాడు కొత్త పద్ధతులకు ఆమోదం ఇవ్వగలడు, కిందివాళ్ళకు పరీక్ష పెట్టగలడు. డిప్లొమాతో మొదలైన మనిషి అక్కడిదాకా ఎదగవచ్చు. ఆ స్థాయి మనుషుల కోసం కంపెనీలు వెతుక్కుంటాయి. జిల్లా కేంద్రంలోని పాలిటెక్నిక్ విద్యార్థికి ఈ సంగతి చెప్పేవాళ్ళే లేరు.

ఇక పదేళ్ళుగా మన విధానాలకు కేంద్రమైన స్వల్పకాలిక కోర్సుల విషయం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, రంగాలవారీ నైపుణ్య మండళ్ళు కొన్ని వందల గంటల్లో మనిషిని ఉద్యోగానికి సిద్ధం చేస్తామన్నాయి. ఏరోస్పేస్‌కూ ఒక మండలి ఉంది. పనికి కావలసిన ప్రమాణాలను రాసిపెట్టడంలో ఆ మండలి చేసింది మంచి పనే. ఒక షీట్‌మెటల్ అసెంబ్లర్‌కు ఏం తెలిసి ఉండాలో ఇప్పుడు కాగితం మీద స్పష్టంగా ఉంది. కానీ కొన్ని నెలల్లో ఆ మనిషి తయారుకాడు. ఈత పుస్తకంలో చదివినవాణ్ణి గోదావరిలో దింపినట్టే అవుతుంది. స్వల్పకాలిక కోర్సుకు ఉపయోగం వేరు. ఇప్పటికే చేతిపని తెలిసిన మెషినిస్టుకు ఏఎస్9100 నాణ్యతా పద్ధతి నేర్పడానికి, లోహం తెలిసినవాడికి కాంపోజిట్ నేర్పడానికి అది చక్కగా సరిపోతుంది. పునాది వేయడానికి సరిపోదు. ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చామన్న సంఖ్యతో శాఖలు తమ పనితీరు కొలుచుకున్నన్నాళ్ళూ ఈ తేడాను చూడవు.

పని నేర్చిన మనుషుల కొరతకు మందు మన చట్టంలోనే 1961 నుంచి ఉంది. అప్రెంటిస్ చట్టం ప్రకారం ఇప్పుడు 30 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2016 నుంచి కేంద్రం స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల పరిమితితో భరిస్తోంది. అయినా చాలా చోట్ల అప్రెంటిస్ అంటే తక్కువ జీతానికి దొరికే చెయ్యి. ఏడాదంతా ఒకే మిషన్ దగ్గర ఒకే పని చేయించి పంపేస్తారు. నాలుగు విభాగాలు తిప్పి, ఒక్కోచోట ఒక సీనియర్‌కు అప్పజెప్పి, చివర్లో పనిచేయించి పరీక్షించే సంస్థలు కొన్నే. చిన్న సంస్థల బాధ కూడా విస్మరించలేం. బాలానగర్ షెడ్డు యజమాని మూడేళ్ళు నేర్పిన కుర్రాడు నాలుగో ఏట పెద్ద కంపెనీకి వెళ్ళిపోతాడు. ఖర్చు చిన్నవాడిది, ఫలం పెద్దవాడిది అయితే నేర్పడం ఆగిపోతుంది. అందుకే ఈ ఖర్చు ఉమ్మడిగా మోయాలి.

ఉమ్మడిగా మోసిన చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఎయిర్‌బస్‌కు సొంత పాఠశాల ఉంది, అది 1949లోనే మొదలైంది. పదహారేళ్ళ పిల్లలు అక్కడ చదువూ చేతిపనీ కలిపి నేర్చుకుంటారు. మెక్సికోలోని కెరెతారోకు బొంబార్డియర్ రావాలని నిర్ణయించుకున్నప్పుడు, ఆ రాష్ట్రం విమానాశ్రయం పక్కనే ఏరోనాటికల్ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. 2007లో మొదలైన ఆ సంస్థ డిగ్రీలతో ఆగకుండా, అసెంబ్లీ టెక్నీషియన్లకు కూడా నేర్పింది. నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది మొరాకో. కాసాబ్లాంకా విమానాశ్రయం దగ్గర 2011లో ఒక శిక్షణ సంస్థ తెరిచారు. సర్కారు డబ్బు పెట్టింది. నడిపేది అక్కడి ఏరోస్పేస్ కంపెనీల సంఘం. కంపెనీ ముందు మనిషిని ఎంచుకుంటుంది, తరువాత అతను కొంతకాలం సంస్థలో, కొంతకాలం ఫ్యాక్టరీలో మార్చి మార్చి నేర్చుకుంటాడు. చివరికి ఉద్యోగం ఎక్కడో మొదటి రోజే తెలుసు. ఏం నేర్పాలో కూడా కంపెనీయే చెబుతుంది కాబట్టి వృథా తక్కువ. సాఫ్రాన్‌కు మొరాకోలోనూ కర్మాగారాలున్నాయి. అక్కడ ఒప్పుకున్న పద్ధతిని హైదరాబాద్‌లో అడగడానికి మనం మొహమాటపడక్కర్లేదు.

మన రాష్ట్రాలు ఊరికే కూర్చోలేదన్నదీ చెప్పాలి. తెలంగాణ 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. దాని ఖర్చు 2,324 కోట్ల రూపాయలు. కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ వస్తోంది. 2025 మేలో కేంద్రం వెయ్యి ఐటీఐల ఉన్నతీకరణకు 60 వేల కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో 50 వేలమంది శిక్షకులకు శిక్షణ ఇస్తామనడం, అయిదు జాతీయ కేంద్రాల్లో హైదరాబాద్‌ది ఒకటి కావడం నాకు యంత్రాల కన్నా విలువైన వార్తలు. కొత్త సీఎన్‌సీ మిషన్ తెచ్చి పెట్టడం తేలిక. దాన్ని నడుపుతూ టూల్ విరిగితే ఎందుకు విరిగిందో విద్యార్థికి చెప్పగల మనిషి లేకపోతే, ప్రారంభోత్సవం నాటి ప్లాస్టిక్ కవరు దాని మీద అలాగే ఉంటుంది.

భాష గురించి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తికాదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు మాన్యువల్ చూసి భయపడతారు, ఆ భయంతోనే మంచి ఫిట్టర్లు ఈ రంగానికి దూరమవుతున్నారు. వాళ్ళకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. విమాన నిర్వహణ మాన్యువల్‌లో ఉండేది మామూలు ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు మాతృభాష కాని మెకానిక్‌ల కోసమే 1980లలో ఐరోపా విమాన పరిశ్రమ ఒక నియమిత ఇంగ్లీషును తయారుచేసింది. ఆ నిఘంటువులో ఆమోదించిన సాధారణ పదాలు సుమారు 900. ఒక్కో మాటకు ఒక్కటే అర్థం. పని చెప్పే వాక్యంలో 20 మాటలకు మించకూడదు. ఇది ఒక విద్యార్థి ఆరేడు నెలల్లో నేర్చుకోగలిగిన భాష. ఐటీఐలో ఇంగ్లీషు పేరిట వ్యాసాలు, ఉత్తరాలు రాయించే బదులు ఈ 900 మాటలను, డ్రాయింగ్ మీది గుర్తులను తెలుగులో వివరించి నేర్పితే సిద్దిపేట కుర్రాడికీ, శ్రీకాకుళం అమ్మాయికీ భాష అనే అడ్డుగోడ కూలిపోతుంది. ఎందుకు ఈ టార్క్, ఎందుకు ఈ క్రమం అన్నది తెలుగులో అర్థమైనవాడు మాన్యువల్‌ను ఇంగ్లీషులో తప్పకుండా పాటిస్తాడు.

అమ్మాయిల విషయంలో అడ్డంకి వాళ్ళ చేతుల్లో లేదు. వైరింగ్‌లో, రివెటింగ్‌లో, తనిఖీలో వాళ్ళు ఇప్పటికే బాగా పనిచేస్తున్నారు. రాత్రి షిఫ్టుకు బస్సు, ఫ్యాక్టరీకి దగ్గర్లో నమ్మకమైన హాస్టలు ఉంటే జిల్లాల నుంచి ఇంకా ఎందరో వస్తారు. ఆదిభట్ల, శంషాబాద్‌లలో ఇవి కట్టడం ఏ శిక్షణ పథకం కన్నా త్వరగా ఫలితమిస్తుంది.

అన్నిటికన్నా అత్యవసరమైనది నేర్పే మనిషి. ఐటీఐలో రెగ్యులర్ బోధకుడు కావాలంటే శిక్షకుల కోర్సు సర్టిఫికెట్ ఉండాలి. ఆ కోర్సు హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలో ఉంది. కానీ హెచ్ఏఎల్‌లోనో, భారత్ డైనమిక్స్‌లోనో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన టూల్‌మేకర్ ఏడాదిపాటు ఆ కోర్సులో కూర్చోడు. కూర్చోవాల్సిన అవసరమూ లేదు. అతనికి బోధన పద్ధతిలో కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, గౌరవంగా జీతం ఇచ్చి, పది మంది విద్యార్థులను అప్పజెప్పడానికి నిబంధనలో ఒక్క సడలింపు చాలు. ప్రాగాలో, హెచ్ఎంటీలో, హెచ్ఏఎల్‌లో 1980లలో అప్రెంటిస్‌లుగా చేరినవాళ్ళు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇంకా బాలానగర్, మౌలాలి చుట్టుపక్కలే ఉంటున్నారు. చూపూ చెయ్యీ ఇంకా పనిచేస్తున్న ఈ ఐదారేళ్ళలోనే వాళ్ళను పిలవాలి.